వృత్తాలు ఎంత కలిశాయన్నది ఒక్కటే లెక్క కాదు

ఇద్దరు మనుషులు ఒకరికొకరు ఎంత దగ్గరో కొలవడానికి మనస్తత్వ శాస్త్రంలో ఒక చిన్న పరీక్ష ఉంది. అందులో పెద్ద పెద్ద ప్రశ్నలేమీ ఉండవు. కాగితం మీద ఏడు బొమ్మలుంటాయి. ప్రతి బొమ్మలో రెండు వృత్తాలు. ఒకదానిలో 'నేను' అని, ఇంకొకదానిలో 'తను' అని రాసి ఉంటుంది. మొదటి బొమ్మలో ఆ రెండూ పక్కపక్కనే విడిగా ఉంటాయి. తర్వాతి బొమ్మల్లో కొద్దికొద్దిగా ఒకదాని మీదికి ఒకటి జరుగుతాయి. ఏడో బొమ్మకు వచ్చేసరికి దాదాపు ఒకే వృత్తంలా కనిపిస్తాయి. మీ బంధానికి ఏ బొమ్మ సరిపోతుందో దానికి గుర్తు పెట్టాలి. అంతే.

ఈ విషయం మీద చదువుతున్న రోజుల్లో ఒక రాత్రి ఆ కాగితాన్ని రెండు ప్రతులు ప్రింటు తీసి ఇంటికి తెచ్చాను. భోజనాలయ్యాక నేనూ, నా భార్యా ఒకరిది ఒకరు చూడకుండా గుర్తు పెట్టాం. నేను ఆరో బొమ్మకు పెట్టాను. తనూ ఆరుకే పెట్టింది. నాకు సంతోషం వేసింది. ఆ మాటే తనతో అన్నాను.

తను కాసేపు కాగితం వంకే చూసి, "బొమ్మ కరెక్టే. కానీ ఇందులో రెండు వృత్తాలూ ఒకే సైజులో ఉన్నాయేంటి? నీది ఉన్నచోటే ఉంది. నాదే జరుగుతూ జరుగుతూ వచ్చింది. వచ్చేటప్పుడు కాస్త చిన్నది కూడా అయింది" అంది.

కోపంగా అనలేదు. ఒక లెక్కలో తప్పు చూపించినట్టుగా అంది. మేమిద్దరం ఎమ్మెస్సీ ఫిజిక్సులో క్లాస్‌మేట్లం. లెక్కల్లో తప్పులు నాకంటే ముందు తనకే కనిపించేవి. మార్కుల్లోనూ తనే ముందు. పీహెచ్‌డీకి సిద్ధమవుతుండగా నాకు ఢిల్లీలో ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, తర్వాత బాబు పుట్టాడు. ప్రతిసారీ 'తర్వాత చూద్దాం' అనుకున్నాం. నిజానికి అలా అనుకున్నది నేను. ఒప్పుకున్నది తను.

అప్పటి నుంచి ఈ వృత్తాల సంగతి నన్ను వదల్లేదు. ప్రేమలో, పెళ్లిలో సాన్నిహిత్యం గురించి సైన్సు చెబుతున్నదాన్ని మనం సగమే వింటున్నామని నాకు అనిపిస్తోంది. ఈ వ్యాసం ఆ మిగతా సగం గురించి.

'నేను'లోకి ఇంకొకరు వచ్చినప్పుడు

ఆ ఏడు బొమ్మల పరీక్షను అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఆర్థర్ ఆరన్, ఆయన భార్య ఎలేన్ ఆరన్, వారి సహచరుడు డానీ స్మోలన్ 1992లో ప్రచురించారు. దాని వెనక ఆరన్ దంపతులు 1980లలో ప్రతిపాదించిన ఒక సిద్ధాంతం ఉంది. దాన్ని 'స్వీయ విస్తరణ' అనవచ్చు. మనిషికి తన సామర్థ్యం, అనుభవం, దృష్టి పెరగాలన్న కోరిక సహజంగా ఉంటుంది. ఒకరికి దగ్గరైనప్పుడు వారి జ్ఞానం, స్నేహాలు, అభిరుచులు, చూపు కొంతవరకు మనవి కూడా అవుతాయి. సంగీతం తెలియని వాడు పాట వినడం నేర్చుకుంటాడు. ఊరు దాటని అమ్మాయి కొండలెక్కడం మొదలుపెడుతుంది. 'నేను' అనే మాట పరిధి పెరుగుతుంది. ప్రేమలో పడ్డ కొత్తలో కలిగే ఉత్సాహానికి ఇదొక ముఖ్య కారణమని వారి వాదన.

ఇది ఊహ మాత్రమే కాదని చూపే ప్రయోగాలున్నాయి. 1991లో ప్రచురించిన ఒక ప్రయోగంలో పెళ్లయిన వారికి కొన్ని గుణాల పేర్లు ఒక్కొక్కటిగా చూపి, 'ఇది నాలో ఉందా, లేదా' అన్నది వెంటనే చెప్పమన్నారు. ఆ గుణం భార్యాభర్తలిద్దరిలోనూ ఉన్నా, ఇద్దరిలోనూ లేకపోయినా జవాబు త్వరగా వచ్చింది. ఒకరిలో ఉండి ఇంకొకరిలో లేనప్పుడు మాత్రం జవాబు ఆలస్యమైంది. 'ఇది నాదా, తనదా' అని మనసు క్షణంలో చిన్న భాగం తడబడుతోందన్నమాట. 1995లో వచ్చిన ఇంకో అధ్యయనంలో మూడు వందల మందికి పైగా విద్యార్థులు పది వారాల పాటు, విడతలు విడతలుగా, 'ఈ రోజు నువ్వెవరు?' అన్న ప్రశ్నకు జవాబులు రాశారు. ఆ మధ్యలో ప్రేమలో పడ్డవారు తమ గురించి రాసుకున్న విషయాల్లో వైవిధ్యం పెరిగింది.

ఇంతవరకూ పత్రికల్లోనూ, సోషల్ మీడియాలోనూ బాగానే ప్రచారమైంది. సారాంశంగా మనకు మిగిలింది మాత్రం 'వృత్తాలు ఎంత కలిస్తే అంత మంచిది' అన్న మాట. మన సినిమాలు, పెళ్లి ఉపన్యాసాలు ఎప్పటినుంచో చెబుతున్న 'రెండు శరీరాలు, ఒకే ప్రాణం' అన్న భావనకు దీంతో సైన్సు ముద్ర కూడా పడినట్టయింది. నా అభ్యంతరం అక్కడే.

బొమ్మలో కనిపించనిది

ఆ పరీక్షలో ఏ బొమ్మ తీసుకున్నా రెండు వృత్తాలూ సమానంగానే ఉంటాయి. కొలతకు అది అవసరం. రెండు విషయాలను ఒకేసారి మారిస్తే దేన్ని కొలుస్తున్నామో తెలియదు. కానీ జీవితంలో వృత్తాలు కలవడానికి రెండు దారులున్నాయి. రెండూ పెరుగుతూ ఒకదానిలోకి ఒకటి వ్యాపించడం ఒకటి. ఒకటి కుంచించుకుంటూ రెండోదాని లోపలికి వెళ్లడం ఇంకొకటి. ఎంత కలిశాయన్న అంకె రెండింటికీ ఒకటే రావచ్చు. మా ఇంట్లో ఇద్దరికీ ఆరే వచ్చింది.

ఫిజిక్సు చదివిన వాణ్ణి కాబట్టి నాకు అల్గోల్ గుర్తొచ్చింది. పర్సియస్ నక్షత్ర మండలంలో ఉన్న ఈ చుక్క నిజానికి ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే దగ్గరి జంట. సుమారు 2.87 రోజులకోసారి ఒకటి రెండోదాన్ని కప్పేయడంతో దాని వెలుగు తగ్గుతుంది. ఆ జంటలో ఖగోళ శాస్త్రవేత్తలను చాలాకాలం ఇబ్బంది పెట్టిన విషయం ఒకటుంది. బరువైన నక్షత్రాలు ఇంధనాన్ని వేగంగా ఖర్చు చేసుకుని ముందుగా ముసలివవుతాయి. అల్గోల్‌లో మాత్రం తేలికగా ఉన్నదే ముందుగా ముసలిదైంది. కారణం ఏమిటంటే, ఇప్పుడు తేలికగా ఉన్నదే ఒకప్పుడు బరువైనది. ఉబ్బుతున్న కొద్దీ దాని పదార్థం పక్కనున్న నక్షత్రం గురుత్వాకర్షణకు లోబడి అటు ప్రవహించింది. ఈ రోజు చూసిన వాళ్లకు అదే మొదటినుంచీ చిన్నదని అనిపిస్తుంది.

మనుషులు నక్షత్రాలు కారు. నక్షత్రాల జంటలో ఒకదానికి చేరిన పదార్థం రెండోదాని నుంచి రావలసిందే. మనుషుల విషయంలో ఆ నియమం లేదు. ఒకరు పెరగడానికి ఇంకొకరు తరగక్కర్లేదన్నదే స్వీయ విస్తరణ సిద్ధాంతంలోని అసలు మాట. అయినా చాలా ఇళ్లలో జరుగుతున్నది మాత్రం అల్గోల్ కథే.

ఇందులో స్వభావాల పాత్ర కంటే సమయం పాత్ర ఎక్కువ. 'నేను' అనేది గాల్లో పెరగదు. చదువుకోవడానికి, స్నేహితులను కలవడానికి, ఏదైనా నేర్చుకోవడానికి, ఊరికే కూర్చోవడానికి కూడా గంటలు కావాలి. జాతీయ గణాంక కార్యాలయం 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనులు చేసేవారిలో స్త్రీలు వాటి మీద రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు గడుపుతున్నారు. తేడా మూడు గంటలు దాటింది. ఏడాదంతా రోజూ మూడు గంటలు ఒకరికి దొరికి ఇంకొకరికి దొరకకపోతే, పదేళ్ల తర్వాత ఎవరి వృత్తం ఎంతుంటుందో ఊహించడానికి మనస్తత్వ శాస్త్రం అక్కర్లేదు.

చట్టం కూడా ఒకప్పుడు ఈ కుంచించుకుపోవడానికే 'ఒకటి కావడం' అని పేరు పెట్టింది. ఇంగ్లండు పాత చట్ట సంప్రదాయంలో కవర్చర్ అనే సూత్రం ఉండేది. పెళ్లితో స్త్రీ చట్టపరమైన ఉనికి భర్త ఉనికిలో కలిసిపోతుందని దాని అర్థం. ఇద్దరూ ఒక్కరే, ఆ ఒక్కరు మాత్రం భర్త. మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 27న జోసెఫ్ షైన్ కేసులో 497వ సెక్షనును కొట్టివేస్తూ ఈ పాత సూత్రాన్ని చర్చించింది. భార్య భర్త ఆస్తి కాదని స్పష్టం చేసింది. చట్టం మారింది. ఇంట్లో అలవాట్లు అంత త్వరగా మారవు.

దగ్గరితనానికి సరైన మోతాదు

రెండో అపోహ, సాన్నిహిత్యం ఎక్కువైతే ఎప్పుడూ మంచిదే అన్నది. అమెరికాలో డేవిడ్ ఫ్రాస్ట్, క్యాట్ ఫారెస్టర్ ఇదే ఏడు బొమ్మలతో వేరే ప్రశ్న వేశారు. మీరు ఇప్పుడు ఎంత దగ్గరగా ఉన్నారన్నది ఒక్కటే కాదు, ఎంత దగ్గరగా ఉండాలనుకుంటున్నారని కూడా అడిగారు. 2013లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో ఏడు వందల మందికి పైగా పాల్గొన్నారు. ఉన్న దగ్గరితనానికీ, కోరుకున్న దగ్గరితనానికీ మధ్య దూరం పెరిగిన కొద్దీ బంధంలో సంతృప్తి, మానసిక ఆరోగ్యం తగ్గాయి. మరింత దగ్గర కావాలనుకున్నవారే ఎక్కువమంది. కానీ ఉన్నదే ఎక్కువైందని, కాస్త ఊపిరాడితే బాగుండునని అనుకునేవారూ ఉన్నారు. వారికీ ఇబ్బంది తప్పలేదు.

అంటే నాలుగో బొమ్మ కావాలనుకుని నాలుగులో ఉన్న జంట, ఏడు కావాలనుకుని అయిదులో ఉన్న జంట కంటే సుఖంగా ఉండవచ్చు. 'మా మధ్య దాపరికాలు లేవు, ఫోన్ పాస్‌వర్డ్‌లు కూడా ఒకటే' అని గర్వంగా చెప్పుకునే జంటలను చూస్తుంటాం. ఇద్దరూ కోరుకున్నదైతే మంచిదే. ఒకరు అడిగి, ఇంకొకరు 'ఇవ్వకపోతే అనుమానిస్తారేమో' అని ఇచ్చినదైతే అది సాన్నిహిత్యం కాదు, తనిఖీ. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో, తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఫోన్ ఉన్న స్త్రీలు 54 శాతమే. అలాంటి దేశంలో 'మన ఇద్దరికీ ఒకే ఫోన్ చాలు' అన్న మాటను ప్రేమ లెక్కలో రాసుకునే ముందు ఆ ఫోన్ ఎవరి జేబులో ఉంటుందో చూడాలి.

ఇంకో పరిశోధన ఇక్కడ పనికొస్తుంది. కారిల్ రస్‌బల్ట్, ఆమె సహచరులు 1999లో 'మైకెలాంజెలో ప్రభావం' అనే భావనను ప్రచురించారు. రాతిలో అప్పటికే ఉన్న శిల్పాన్ని బయటికి తీయడమే శిల్పి పని అన్న భావన మైకెలాంజెలోకు ఉండేదంటారు. మంచి జంటలో ఒకరు రెండోవారిని అలాగే చెక్కుతారు. ఎదుటివారు తాము ఎలా కావాలనుకుంటున్నారో అటువైపు వారిని నడిపిస్తారు. అలా జరిగిన బంధాల్లో సంతృప్తి, నిలకడ ఎక్కువగా కనిపించాయి. ఇక్కడ గమనించాల్సింది, ఎవరి కల అన్నది. చెక్కేవారి కల కాదు, రాయిలో ఉన్నవారి కల. 'నీ మంచికే చెబుతున్నా' అంటూ మనకు నచ్చిన ఆకారంలోకి ఎదుటివారిని మలచడం దీనికి పూర్తిగా విరుద్ధం.

మనకు వర్తిస్తుందా?

ఈ వాదన వినగానే చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. 'ఇవన్నీ అమెరికా కాలేజీ పిల్లల మీద చేసిన పరిశోధనలు. మన కుటుంబాలు వేరు కదా?' ప్రశ్న న్యాయమైనదే. మనస్తత్వ శాస్త్రం ఎక్కువగా సంపన్న పాశ్చాత్య సమాజాల మీదే ఆధారపడుతోందని 2010లో జోసెఫ్ హెన్రిచ్, ఆయన సహచరులు గట్టిగానే విమర్శించారు. 2015లో వంద మనస్తత్వ అధ్యయనాలను మళ్లీ చేసి చూసినప్పుడు మూడో వంతు కంటే కాస్త ఎక్కువ వాటిలోనే మొదటి ఫలితం నిలిచింది. ఒక్క ప్రయోగాన్ని పట్టుకుని జీవిత నిర్ణయాలు తీసుకోవద్దని నేనూ చెబుతాను.

మన దగ్గర జరిగిన పరిశోధనల విషయంలోనూ అదే జాగ్రత్త కావాలి. పెద్దలు కుదిర్చిన పెళ్లిలో కాలం గడిచేకొద్దీ ప్రేమ పెరుగుతుందని, ప్రేమ పెళ్లిలో తరుగుతుందని 'సైన్సు తేల్చింది' అంటూ తరచూ వింటుంటాం. దానికి ఆధారంగా చూపేది ఉషా గుప్తా, పుష్పా సింగ్ 1982లో ప్రచురించిన జైపూర్ అధ్యయనం. అందులో ఉన్నవి 50 జంటలే. పైగా ఒకే జంటను ఏళ్ల తరబడి గమనించలేదు. పెళ్లయి వేర్వేరు కాలమైన జంటలను పోల్చారు. 2012లో పమేలా రీగన్ బృందం అమెరికాలో ఉంటున్న 58 మంది భారతీయులను అడిగినప్పుడు, రెండు రకాల పెళ్లిళ్ల మధ్య ప్రేమలోనూ సంతృప్తిలోనూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అదీ చిన్న అధ్యయనమే. రెండింటిలో మనకు నచ్చినదాన్ని మాత్రమే పట్టుకోవడం సైన్సు కాదు.

సంస్కృతి తేడా నిజమే. మనలాంటి సమాజాల్లో 'నేను' అన్నది బంధుత్వాలతో అల్లుకుని ఉంటుందని హేజల్ మార్కస్, షినోబు కితయామా 1991లో వివరించారు. మన ఇళ్లలో వృత్తాలు రెండే ఉండవు. అత్తమామలవి, తల్లిదండ్రులవి, ఆడపడుచులవి కూడా ఉంటాయి. భార్యాభర్తలు ఒకరికొకరు మరీ దగ్గరైతే ఉమ్మడి కుటుంబం దాన్ని ముప్పుగా చూస్తుందని మన దేశపు మనోవిశ్లేషకుడు సుధీర్ కకర్ రాశారు. అంటే మన దగ్గర సమస్య ఒక్కోసారి తలకిందులుగా ఉంటుంది. జంటకు తమ మధ్య కలిసే చోటే దొరకదు.

అయినా అల్లుకున్న 'నేను' అంటే లేని 'నేను' అని కాదు. తీగ పందిరికి అల్లుకుంటుంది, అయినా దాని వేరు దానికి ఉంటుంది. అర్ధనారీశ్వరుడి శిల్పం చూడండి. ఒకే దేహం. అయినా కుడివైపు శివుడు, ఎడమవైపు పార్వతి అని చూడగానే తెలుస్తుంది. చెవికి పెట్టుకున్న నగ దగ్గర్నుంచి కాలి అందె దాకా ఎవరిది వారికే ఉంటుంది. ఒకటి కావడం అంటే ఒకరు మాయమవడం అని మన శిల్పులు అనుకోలేదు. వ్యక్తిత్వం గురించి మాట్లాడితే పాశ్చాత్య ధోరణి అని కొట్టేసేవారు, కుటుంబం కోసం సర్దుకోవలసింది ఎప్పుడూ ఒకే వైపు వారు ఎందుకవుతున్నారో కూడా చెప్పాలి.

విడిపోయినప్పుడు తెలిసేది

వృత్తాలు కలవడం ఎంత నిజమో విడిపోయినప్పుడు బాగా తెలుస్తుంది. ఎరికా స్లాటర్, వెండీ గార్డ్‌నర్, ఎలి ఫింకెల్ 2010లో ప్రచురించిన అధ్యయనాల్లో, ప్రేమబంధం తెగిన వారికి 'నేనెవరు' అన్న స్పష్టత తగ్గింది. ఆ స్పష్టత తగ్గడానికీ, వారు పడుతున్న బాధకూ సంబంధం ఉంది. ప్రేమ విఫలమైన కుర్రవాడితో 'ఒక్క అమ్మాయి కోసం ఇంతా?' అంటాం. అతను కోల్పోయింది ఒక మనిషిని మాత్రమే కాదు. ఆ మనిషితో కలిసి ఏర్పడిన తనలోని ఒక భాగాన్ని కూడా. ఎగతాళి వల్ల అది తిరిగి రాదు. మళ్లీ తనదైన పని, స్నేహాలు, ఇష్టాలు కూడగట్టుకోవడానికి సమయం, తోడు కావాలి. బాధ భరించలేనంతగా ఉంటే కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ సహాయవాణి 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు. తెలుగులో కూడా మాట్లాడతారు.

వయసు మీదపడ్డాక భర్తను కోల్పోయి, 'ఇప్పుడు నాకేం ఇష్టమో నాకే తెలియడం లేదు' అనే పెద్దమ్మలు, పిన్నమ్మలు మన ఇళ్లలో ఉన్నారు. ఏళ్ల తరబడి ఇంటిల్లిపాదికీ నచ్చిన కూర వండి, తమకు ఏ కూర ఇష్టమో మర్చిపోయినవారు. దాన్ని మనం అన్యోన్య దాంపత్యం అని మెచ్చుకుంటూ వచ్చాం.

మరి ఏం చేయాలి?

పరిశోధకులకు నా విన్నపం ఒకటే. మన దేశంలో సాన్నిహిత్యాన్ని కొలిచేటప్పుడు వృత్తాలు ఎంత కలిశాయో అడిగితే సరిపోదు. ఎవరి వృత్తం ఎంతుంది, పెళ్లికి ముందు ఎంత ఉండేది, ఎవరు జరిగారు అని కూడా అడగాలి. భార్యాభర్తలిద్దరినీ విడివిడిగా అడగాలి. అదే జంటలను కొన్నేళ్ల పాటు గమనించాలి. పెళ్లికి ముందు కౌన్సెలింగ్ ఇచ్చేవారు కూడా జీతాలు, జాతకాలు, రక్త పరీక్షలతో పాటు 'పెళ్లి తర్వాత మీరు మానకూడదనుకుంటున్నది ఏమిటి?' అని ఇద్దరినీ ఒకరి ముందు ఒకరు చెప్పమంటే బాగుంటుంది.

ఇంట్లో మనం చేయగలిగిందీ ఉంది. 2000లో ఆరన్ బృందం చేసిన ప్రయోగంలో కొన్ని జంటలను మణికట్టు, చీలమండ దగ్గర ఒకరికొకరిని కట్టి, పరుపుల మీద పాకుతూ అడ్డంకి దాటమన్నారు. ఇంకొన్ని జంటలకు బంతిని మెల్లగా దొర్లించే పని ఇచ్చారు. ఏడు నిమిషాల కొత్త, కష్టమైన పని చేసిన జంటలు ఆ తర్వాత తమ బంధాన్ని మెరుగ్గా అంచనా వేశాయి. కలిసి కొత్తది చేసినప్పుడు ఇద్దరూ పెరుగుతారు. ఇందుకు డబ్బు ఖర్చయ్యే విహారయాత్రలే అక్కర్లేదు. ఇన్నాళ్లూ ఒకరే చేస్తున్న పనిని రెండోవారు నేర్చుకోవడమూ కొత్త పనే. మొదటివారికి ఆ గంటలు మిగులుతాయి కూడా.

నేను ఆదివారాలు వంటా, బాబునూ చూసుకోవడం మొదలుపెట్టి కొన్ని నెలలైంది. మొదటి వారాల్లో ప్రతి పది నిమిషాలకూ 'పోపు డబ్బా ఎక్కడ?' అని తనను పిలిచేవాణ్ణి. అంటే పని నేను చేస్తున్నా, సమయం తనకు మిగల్లేదు. అది గ్రహించడానికి కూడా నాకు కొన్ని వారాలు పట్టింది. ఇప్పుడు తను పుస్తకాలు పట్టుకుని దగ్గర్లోని లైబ్రరీకి వెళ్లిపోతోంది. పీహెచ్‌డీ ప్రవేశ పరీక్షకు మళ్లీ చదువుతోంది. సీటు వస్తుందో రాదో తెలియదు. వస్తే ఏ ఊళ్లో వస్తుందో, అప్పుడు ఎవరు జరగాలో కూడా మాట్లాడుకుంటున్నాం. ఆ సంభాషణలు తేలిగ్గా లేవు. ఈసారి జరగాల్సింది నేనైతే ఎలా ఉంటుందో ఊహించుకుంటే నాకు భయంగానే ఉంది. తను అప్పట్లో ఆ భయాన్ని పైకి చెప్పకుండానే ఢిల్లీ రైలెక్కిందని ఇప్పుడు అర్థమవుతోంది.

ఆ ఏడు బొమ్మల కాగితం ఇంకా ఫ్రిజ్ మీద ఉంది. ఈసారి గుర్తు పెట్టేటప్పుడు నేను ఆరుకు బదులు అయిదు పెట్టాల్సి రావచ్చు. రెండు వృత్తాలూ పెరిగినందువల్ల అయితే ఆ అయిదు నాకు సమ్మతమే.